ఎర్రగుడ్డ కట్టిన పందిరి

ఇజ్జా పోయింది గానీ, ఆయిత్ అమీరా ఊళ్లో ఆమె నడక గుర్తులేని ఆడవాళ్లు లేరు. కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఆపరేషన్ తరువాత అది మరీ ఎక్కువైంది. పిండి పిసుకుతూ పిసుకుతూ లేచి గుమ్మం దాకా వెళ్లేది. టీ పొయ్యి మీదే పొంగిపోయేది.

ఎడమ రొమ్ము తీసేసిన అగాదీర్ పట్నం డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగింది. ప్లాస్టిక్ కప్పిన టమాటా పందిళ్లలో తీగలు కడతానంది ఇజ్జా. పురుగుమందు కొట్టాక ఎంతసేపటికి లోపలికి వెళతారని ఆవిడ మళ్లీ అడిగింది. జబ్బు మందువల్లే వచ్చిందని చెప్పలేను, కాదనీ చెప్పలేను, ఇక మీద ఆ తడి ఒంటికి తగలనివ్వకు అంది డాక్టరమ్మ. ఆ మాట ఇజ్జాను నిలవనివ్వలేదు.

తీగ కట్టాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని అక్కడి ఆడవాళ్లు పందిరి తలుపు పక్కన వేలాడే ప్లాస్టిక్ దారాలు గుప్పెడు తీసుకుని, గౌను మెడలోంచి రొమ్ముల మధ్య దోపుకుంటారు. ఒక్కొక్కటే లాగి కడతారు. మందు కొట్టినప్పుడు ఆ దారాలూ తడుస్తాయి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మందు కొట్టిన పందిరికి ఎర్రగుడ్డ కట్టాలి, గడువు తీరేదాకా లోపల ఎవరూ అడుగుపెట్టకూడదు. ఇది అందరికీ తెలిసిన నియమం. ఇజ్జా తిరిగి పనిలో చేరిన వారంలోనే ఒక పొద్దున మేస్త్రీ హమ్మాద్ ఆ గుడ్డ విప్పి జేబులో కుక్కుకున్నాడు.

"గడువు తీరలేదు కదా," అంది ఇజ్జా.

"ఆకులు ఆరిపోయాయమ్మా. ఆసుపత్రికి వెళ్లొచ్చి నువ్వే డాక్టరువైపోయావు."

ఆడవాళ్లు నవ్వారు. ఇజ్జా అక్క కూతురు తూదా అప్పటికే దారాలు దోపేసుకుంది. ఇజ్జా ఆ పిల్ల గౌను మెడలో చెయ్యి పెట్టి వాటిని బయటికి లాగేసింది. అందరి ముందూ ఏమిటిదని తూదా ముఖం ఎర్రబడింది.

మన టమాటాని విదేశాల్లో పరీక్ష చేస్తారు, మందు ఎక్కువైతే లారీ మొత్తం వెనక్కొస్తుంది, అందుకే లెక్కగానే కొడతాం అని మేస్త్రీ నచ్చజెప్పబోయాడు.

"టమాటాకి పరీక్ష ఉంది బాబూ. మా ఒంటికి ఎవరు చేస్తారు?"

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనకనుంచి ముసలి ఖద్దూజ్ గొణిగింది: "లోపలికెళితే మందు, ఇంటికెళితే మా ఆయన. మందే నయం." అంది గానీ కదల్లేదు.

మేస్త్రీ ఇక సరేనన్నాడు. వాళ్లందరినీ అవతలి పందిరిలో పండుటాకులు కత్తితో కొయ్యమని పంపేశాడు. గెలిచామనుకున్నారు. కాసేపటికి ఇంకో కూలీల బండి వచ్చింది. అందులోంచి కొండ ఊళ్ల ఆడవాళ్లు దిగి, ఆ విడిచిపెట్టిన పందిరిలోకే వెళ్లారు. మసక ప్లాస్టిక్ లోంచి వాళ్ల చేతులు దారాల మీదికి, అక్కణ్నుంచి మెడల్లోకి పోవడం ఇజ్జాకి కనిపించింది.

ఆమె కత్తి కింద పెట్టింది.

"మన పని పోతుంది పిన్నీ. మనం వెళ్లలేదు కదా, చాలదా?" తూదా ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కడికి వెళ్లకూడనిది అందరికంటే నువ్వే."

"వాళ్లకి చెప్పినవాళ్లెవరే?"

ఇజ్జా చెయ్యి విడిపించుకుని ఆ పందిరిలోకి వెళ్లిపోయింది. మీ ఊరేదమ్మా అని లోపల ఆమె ఎవరినో అడగడం వినిపించింది. తరువాత గొంతు తగ్గింది. కొంతసేపటికి ఆ ఆడవాళ్లు ఒక్కొక్కరే దారాలు చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. ఇద్దరు రాలేదు. మేస్త్రీ దూరంనుంచి అరుస్తూ వస్తున్నాడు. ఇజ్జా ఆ ఇద్దరి కోసం మళ్లీ లోపలికి వెళ్లింది.