మునిగితేనే ఆపరేషన్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మస్కట్‌లోని ఒక ఆసుపత్రిలో నన్ను ఆడవాళ్ళ సర్జికల్ వార్డుకు ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకునేరు. డాక్టర్లు చెప్పింది నర్సులచేత చేయించడం, నర్సుల గోడు డాక్టర్లకు వినిపించడం, రెండువైపులా మాట పడటం. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ రోగి చేసే సంతకం తీసుకునేది డాక్టరే అయినా, తెలుగువాళ్ళకు విషయం వివరించే పని నా నెత్తినే పడేది.

ఆ వార్డుకు ఖబూరా అనే దూరపు ఊరి నుంచి లక్ష్మి వచ్చింది. గోదావరి జిల్లా మనిషి, ఖబూరాలో ఒక ఒమానీ ఇంట్లో పనిచేసేది. షుగరు ముదిరి కాలివేళ్ళు నల్లబడ్డాయి, జ్వరం పట్టుకుంది. ఆ ఇంటావిడే కారులో తెచ్చి చేర్చింది. చచ్చిన వేళ్ళు వెంటనే తీసేయకపోతే విషం పైకి పాకి ప్రాణానికే ముప్పని సర్జన్ చెప్పారు. నేను తెలుగులో చెప్పాను.

ఆమె అంతా విని పెన్ను పక్కన పెట్టేసింది. దేనికోసం ఆగుతున్నావని అడిగాను. "తీయించుకుంటానండి. ముందు బాప్తిస్మం అవ్వాలండి" అంది.

హిందువుల ఇంట పుట్టిన లక్ష్మి, సెలవు దొరికిన శుక్రవారాల్లో మస్కట్ నగరంలోని రూవిలో జరిగే తెలుగు ప్రార్థనకు వెళ్ళేది. బాప్తిస్మానికి రోజు కుదిరినప్పుడల్లా పనిచేసే ఇంటికి చుట్టాలు రావడం, సెలవు రద్దు కావడం. తెల్లచీర సంచీలో పెట్టుకునే తిరుగుతోంది. "దేవుడికి మాటిచ్చి తప్పానండి. ఈ మత్తులోంచి లేవకపోతే ఏ మొహం పెట్టుకుని ఆయన ముందుకెళ్తానండి?" అంది. వాళ్ళ పద్ధతిలో తొట్టిలో నిలువునా మునగాలి. ఆ పుండుతో, ఆ జ్వరంతో అది కుదిరే పని కాదు.

మాది లూథరన్ కుటుంబం. చంటిపిల్లగా ఉండగానే నాకు బాప్తిస్మం ఇచ్చారు. నా ఒప్పుకోలు ఎవరూ అడగలేదు, అడిగినా ఏడుపే జవాబు. మనిషి తనంతట తాను దేవుణ్ణి పట్టుకోలేడు, ఆయనే ముందు చెయ్యి అందిస్తాడు, అదే కృప అని మా ఇంట్లో నేర్పారు. నా తోటి నర్సు లిస్సీ మలయాళీ క్యాథలిక్. ప్రాణాపాయంలో ఫాదర్ అందకపోతే ఎవరైనా తలమీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇవ్వొచ్చని వాళ్ళ పద్ధతి. కృప ఆ నీళ్ళతోనే అందుతుందట, కాకపోతే మనిషీ దానికి సహకరించాలట.

లక్ష్మి వెళ్ళే ప్రార్థనకు పెద్ద, రూవిలో ఏసీలు బాగుచేసే ఒక బ్రదర్. ఫోన్ చేస్తే ఆయన లెక్క వేరే ఉంది. "ఎవరికి వాళ్ళు మనసారా ఒప్పుకోవాలి సిస్టర్. ఒప్పుకున్న రోజే రక్షణ. నీళ్ళు దానికి సాక్ష్యం, అంతే. ముందు ఆపరేషన్ చేయించుకోమనండి" అన్నారు. లక్ష్మికే ఫోన్ ఇచ్చాను. మాట్లాడి పెట్టేసి, "నా భయం చూసి అలాగన్నారండి" అంది.

ఒకే బైబిలు చదివే ముగ్గురం మూడు దారులు చూపించాం. టీ విరామంలో లిస్సీ, నేనూ ఈ సంగతే వాదించుకున్నాం. నిజం చెప్పాలంటే నాకు మహా సరదాగా ఉంది. అవతల మనిషి కాలు కుళ్ళుతుంటే ఇవతల నీ వేదాంతమేమిటని వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నానికి జ్వరం పెరిగి లక్ష్మికి సంధి పుట్టింది. రోగి స్పృహలో లేక, అయినవాళ్ళు దగ్గర లేక, ప్రాణం మీదికొస్తే ఇద్దరు పెద్ద డాక్టర్లు సంతకం చేసి ఆపరేషన్‌కు తీసుకెళ్ళవచ్చు. రోగి ముందే వద్దని చెప్పి ఉంటే మాత్రం కుదరదు. సర్జన్ నన్నే అడిగారు, ఈమె వద్దందా అని. వద్దనలేదు, ఆగమంది, అన్నాను. ఎందుకు ఆగమందో కూడా చెప్పాను. ఇద్దరూ సంతకం చేశారు.

స్ట్రెచర్ సిద్ధం చేస్తుండగా లిస్సీ గ్లాసుతో నీళ్ళు తెచ్చి నావైపు చూసింది. నా నమ్మకం ప్రకారం అందులో తప్పేమీ లేదు. అడగకుండా నీళ్ళు పోయించుకున్నదాన్నే నేను. కానీ లక్ష్మి కోరింది తెలివిలో ఉండి, తనంతట తాను మునగడం. వద్దన్నాను. "పోతే?" అంది లిస్సీ. "దేవుడు చూసుకుంటాడు" అని స్ట్రెచర్‌కు చెయ్యి వేశాను.

కాలు దక్కింది, మూడు వేళ్ళు పోయాయి. మర్నాడు తెలివి రాగానే, "నామీద నీళ్ళేమైనా పోశారాండి?" అని అడిగింది. లేదన్నాను. "మరి సంతకం?" జరిగింది చెప్పాను. మొహం అటు తిప్పుకుంది. నాకు కష్టమనిపించింది. సాయంత్రం కట్టు మార్చేటప్పుడు తనే అంది: "ప్రాణం నన్నడక్కుండానే ఇచ్చాడండి. బాప్తిస్మం మాత్రం నేనడిగే తీసుకుంటాను."

ఈ మాట తమ పక్షమేనని లిస్సీ వాదించింది. మా పక్షమని నేను. బ్రదర్‌కు చెబితే, చూశారా సిస్టర్, మేం చెప్పేదీ అదేగా అన్నారు. పుండు మానాక ఒక శుక్రవారం లక్ష్మి రూవిలో మునిగింది. నాకు ఆ రోజు డ్యూటీ.

ముగ్గురిలో ఎవరిది ఒప్పో రిటైరయ్యాక కూడా నాకు తేలలేదు. ఉద్యోగానికి పనికొచ్చేది మాత్రం ఒకటి నేర్చుకున్నాను. సంతకం పెట్టని రోగిని ఎందుకు పెట్టవని గద్దించకూడదు, దేనికోసం ఆగుతున్నావని అడగాలి. ఆ తర్వాత నా కింద పనిచేసిన నర్సులందరికీ ఇదే చెప్పాను. అడక్కుండా ఉండుంటే ఆ రోజు సర్జన్‌కు "వద్దందండీ" అనే జవాబు చెప్పేదాన్ని, లక్ష్మి చచ్చిపోయేది.