డబ్బాలో తగ్గిన రివెట్టు

ఐటీఐ ఫిట్టరు సర్టిఫికెట్టు చేతికొచ్చిన కొత్తలో నాకు తెలియని విషయం ఈ లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. ఆ వయసు అలాంటిది, ఎవరూ ఏమీ చేయలేరు. అద్దంకి దగ్గర మా ఊళ్ళో ఆ ఏడు నల్ల తామర పురుగు మిరప తోటని ఊడ్చేసింది. హైదరాబాదు శివార్లలో విమానాల భాగాలు బిగించే ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారని మా బాబాయి కబురు తెచ్చాడు. "విమానం ఎక్కేవాళ్ళు పెరిగారు, కట్టేవాళ్ళే చాలట్లేదంట. బిగించే పనికైనా, తనిఖీ పనికైనా ఇక ఢోకా లేదు" అన్నాడు (ఆయన విమానాన్ని ఆకాశంలో తప్ప చూసి ఎరగడు). ఉద్యోగం వస్తే ఇల్లు గట్టెక్కుతుంది, రాకపోతే నేను కూలికి పోవాలి. నాన్న నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. విమానాల వాళ్ళంటే మాటలా అని నేను లేసు అంచున్న కొత్త చున్నీ వేసుకున్నాను.

పరీక్ష పెట్టింది కళ్ళజోడు సారు. రేకునీ రేకునీ కలిపి బిగించే రివెట్లు, చిన్న మేకుల్లాంటివి, ఒక డబ్బా నిండా నా ముందు పెట్టి, "ఒక్కొక్కటీ తీసి చూడమ్మా, బాగాలేనివి చెప్పు" అన్నారు. పైనున్నవన్నీ తళతళా మెరుస్తున్నాయి. అక్కడే నాకు అనుమానం వచ్చింది. మిర్చి యార్డులో నాన్న వెంట తిరిగినదాన్ని. టిక్కీ (మా వైపు మిరపకాయల బస్తాని అలాగే అంటాం) మూతి దగ్గర ఎర్రటి కాయలు పేర్చి, అడుగున తాలుకాయలు కూరడం మాకు తెలియనిదా? తెలివైనవాడు ముందు గుమ్మరించి చూస్తాడు. నేనూ డబ్బా ఎత్తి బల్ల మీద బోర్లించేశాను. రివెట్లు బల్ల దిగి హాలు నాలుగు మూలలకీ పరుగెత్తాయి.

"ఏంటమ్మా ఇది?" అన్నారు సారు.

"అడుగున ఏం పెట్టారో చూద్దామని సార్."

హాలంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. "ఇక్కడ ప్రతిదానికీ లెక్కుంటుంది. ఇలాంటిది ఒక్కటి విమానంలో ఎక్కడో ఇరుక్కుంటే ప్రాణాలు పోతాయి" అన్నారు. పరీక్షకొచ్చిన వాళ్ళందరం మోకాళ్ళ మీద పాకి ఏరాం. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తగ్గింది. చివరికి ఆయన "వెళ్ళమ్మా, కబురు చేస్తాం" అన్నారు (పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు చెప్పే మాటే, అర్థమూ అదే).

సిటీ బస్సులో జరిగిందంతా నాన్నకి చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. చున్నీతో కళ్ళు తుడుచుకుంటుంటే చెంపకి ఏదో గుచ్చుకుంది. లేసులో ఇరుక్కున్న రివెట్టు. "తిరిగిస్తే నేనే దాచానంటారు నాన్నా. ఉద్యోగం ఎట్టాగూ రాదు, ఊరుకుందాం" అన్నాను.

నాన్న సీట్లోంచి లేచాడు. "రాకపోతే రాలేదులే అమ్మా. ఆ సారు ఇంకా కింద కూర్చుని వెతుకుతా ఉంటాడు, పాపం. దిగు" అన్నాడు.

నిజంగానే సారు టార్చిలైటు పట్టుకుని బల్ల కింద ఉన్నారు. రివెట్టు తీసుకుని డబ్బాలో వేసి, లెక్క సరిచూసుకుని, "నీ పేరు ఇందాకే కొట్టేశానమ్మా" అన్నారు.

"పర్లేదండి. తమరు లేవండి, మోకాళ్ళు నెప్పెడతాయి" అన్నాడు నాన్న.

ఆయన లేచి, కాగితం తీసి, కొట్టేసిన పేరు కిందే నా పేరు మళ్ళీ రాశారు. "తనిఖీ పనిలో సోమవారం చేరగలవా? చున్నీ మాత్రం వద్దు" అన్నారు.

ఇప్పుడా పరీక్ష నేనే పెడుతున్నాను. డబ్బా బోర్లించేవాళ్ళు ఎవరూ రావడం లేదు, ఈ కాలం పిల్లలకి నా అంత తెలివితేటలు ఎక్కడివి? నా అప్పటి గొప్పలు తలుచుకుంటే నవ్వొస్తుంది, బస్సులో నాన్న మొహం తలుచుకుంటే కళ్ళు తడుస్తాయి. పరీక్షలో తప్పినవాళ్ళ పేర్లు మాత్రం వెంటనే కొట్టలేను. ఎవరైనా వెనక్కి వస్తారేమోనని సాయంత్రం దాకా ఆగుతాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు. అయినా ఆగుతూనే ఉన్నాను.