నల్లరాళ్ల నడుమ సందు

"నా బల్ల ఎవరు ముట్టిండ్రు? సక్కగ చెప్పవ్వా."

"నీ బల్లకు బంగారం పూసిండ్రానే ముట్టనీకి? ఊకిన. ఇంట్ల కసువు ఉంటె ఊకకుండ ఎట్లుంటరు?"

"ఊకుడు కాదు. ఏమన్న తీసినవా, పెట్టినవా?"

"నీ తునకలు నాకెందుకే? కాలింది కాలినట్లు నా మీదికి తోస్తున్నవా? గంత సదువుకున్నదానివి నీకే తెల్వకుంటె నాకు తెలుస్తదా?"

నేనూ నా మనవరాలూ ఇలా అరుచుకుంటుంటే నా కొడుకు, అంటే ఆ పిల్ల తండ్రి, గడపలో నిలబడి వింటున్నాడు. కాలిన వాసన ఇంకా ఇంట్లోంచి పోలేదు.

మాది మల్దకల్ దగ్గర ఊరు. పిల్ల వనపర్తిలో డిప్లొమా చదువుతోంది. ఆఖరి ఏడు స్వయంగా ఒక వస్తువు చేసి, అది పని చేస్తుందని చూపించాలి. నిరుడు చూపించలేక తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు బంద్ అని తండ్రి తెగేసి చెప్పాడు. మర్నాడు పొద్దున పది గంటలకే పరీక్ష.

పిల్ల పెట్టుకున్న పని ఇది. మా ఊళ్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి మొదలైతే కరెంటు పడిపోతుంది. మా చిన్న డబ్బా టీవీలో బొమ్మ నాలుగు దిక్కులా ముడుచుకుంటుంది. టీవీకి లోపల కరెంటు అందించే భాగాన్ని మార్చి, బయట కరెంటు పడినా బొమ్మ నిలబడేటట్టు, ఆ భాగం వేడెక్కకుండా ఉండేటట్టు చేయాలి. వేడి అంటే ఏ పనికీ రాకుండా పోయిన కరెంటేనని పిల్ల చెప్పింది. గిన్నె పక్కనుంచి పోయే మంటను చూస్తేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మూడో తరగతితో బడి మానిన నాకు ఆ ఒక్క మాటతో సంగతి తలకెక్కింది.

ఆ భాగం కరెంటును ధారగా పంపదట. క్షణానికి వేలసార్లు తెంపి తెంపి పంపుతుందట. తెంపేది ట్రాన్సిస్టరు, మూడు కాళ్ల నల్ల బిళ్ల. తెంపినదాన్ని పట్టి లోపలికి అందించేది చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇనుప పొడితో చేసిన రెండు నల్లరాళ్లు ఎదురెదురుగా కూర్చి, నడుమ రాగి తీగ చుట్టి ఉంటుంది.

నేను చీపురుతో ఊకడం అబద్ధం కాదు. కానీ ఆ పొద్దున ఊకుతున్నప్పుడు, అతుకులు గట్టి చేద్దామని పిల్ల ఊడదీసిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ బల్ల మీద విడిగా ఉంది. చుట్టిన టేపు పట్టీ ఊడి, రాళ్ల నడుమ నుంచి పాత కాగితం ముక్కలు బయటికి కనబడుతున్నాయి. పిల్ల తొందరలో ఏదో ఇరికించి అతికించిందనుకున్నాను. ముక్కలు లాగి పొయ్యిలో వేశాను. రాళ్లు రెండూ సందు లేకుండా ఆనించి పట్టీ బిగించి చుట్టాను. నీళ్లకు పోయి వచ్చిన పిల్ల అది చూసుకోకుండానే మళ్లీ టీవీలో అతికింది.

సాయంత్రం మోటార్లు నడుస్తుండగా ప్లగ్గు పెట్టింది. ట్రాన్సిస్టరు టప్పుమంది. అప్పుడే బల్ల ఎవరు ముట్టారని అడిగింది, నేను ఒప్పుకోలేదు. రెండోది వేసింది. సన్నగా ఈల వినబడింది, పిల్ల ముట్టుకుంటే వేలు కాలింది, అదీ పోయింది. మిగిలింది ఒక్కటే. అటువంటివి కావాలంటే కర్నూలు పోవాలి.

"ఇగ చాలు బిడ్డా" అన్నాడు కొడుకు. "రేపు పోకు. అందరి ముంగట కాలితె ఏం మొఖం పెట్టుకొని వస్తవు?"

"ఒకటుంది నాయినా. పెడ్త."

"అది గూడ కాలితె?"

పిల్ల మూడోదాన్ని అతుకుతూ తనలో తనే గొణుక్కుంది. "వారం దినాలు మంచిగ ఆడింది. ఏం మారలే. మారకుంటె ఎట్ల కాలుతది?"

ఊరికే ఉండలేక అడిగాను. "ఆ నల్లరాళ్ల పని ఏందే?"

"ఇప్పుడెందుకవ్వా నీకు? వాటి నడుమ జర సందుండాలె. సందు లేకుంటె రాయి అయస్కాంతంతోని నిండిపోతది, ఇగ కరెంటును ఆపలేదు. బరువంతా ట్రాన్సిస్టరు మీదనే పడ్తది."

పొయ్యి వైపు చూశాను. కందులు విసిరేటప్పుడు ఇసుర్రాయి నడిమి కట్టెకు గుడ్డపేలిక చుడతాం. పై రాయి జర లేచి ఉంటేనే పప్పు పప్పుగా పడుతుంది, లేకుంటే పిండే. ఒకసారి కోడలు ఆ పేలికను మురికిగుడ్డ అని తీసి పారేస్తే రెండు దినాలు తిట్టాను. తెలివి తక్కువదని నలుగురిలో అన్నాను.

అయినా ఒప్పుకోలేకపోయాను. ఈ ఇంట్లో తప్పులు ఏరేదాన్ని నేను. నా తప్పు ఎవరూ చూసింది లేదు. కొడుకు ముందర చెప్పాలా? ఏమో, ఈసారి కాలదేమో అనుకున్నాను. పిల్ల ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. కాలిన వేలు పైకెత్తి పట్టుకుంది.

"ఆగవే" అన్నాను.

"ఏందవ్వా?"

"రాళ్ల నడుమ కాయితం నేనే తీసిన. పొయ్యిల ఏసిన."

కొడుకు నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. "ఊరందరి తప్పులు చాటల పోసి ఏరుతవు గదనే అమ్మా. ఇది ఏ చాటల పోద్దాం?"

పిల్ల అరవలేదు. ప్లగ్గు కింద పెట్టింది. "అడిగినప్పుడే చెప్తె రెండోదన్న మిగులుతుండె" అంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి రాళ్లు విప్పింది. ఎంత సందుండాలో ముందే తన పుస్తకంలో రాసి పెట్టుకుంది, పోస్టుకార్డు రెండు పొరలు. కొత్త కార్డు ఇస్తానంటే నా చేతినుంచి తీసుకోలేదు, తనే వెతుక్కుని కత్తిరించింది. మళ్లీ అతికి, ముందుగా ఒక బల్బు గుండా కరెంటు ఇచ్చింది. లోపల తప్పుంటే బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుందట, ట్రాన్సిస్టరు బతుకుతుందట. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. ఈల లేదు. బొమ్మ వచ్చింది.

కానీ అప్పటికి మోటార్లు ఆగిపోయాయి. కరెంటు నిండుగా ఉంది. పడిపోయిన కరెంటులో నిలుస్తుందో లేదో చూసే దారి లేదు.

"ఏమంటవు?" అని తండ్రి అడిగాడు.

"తెల్వదు. పోత" అంది.

మర్నాడు మొదటి బస్సుకు పోయాం. టీవీకి దుప్పటి చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. గద్వాలలో బస్సు మారినప్పుడు పిల్ల దాన్ని నా చేతినుంచి తీసుకుని తనే ఎత్తుకుంది. పది దాటాక పిలిచారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పరీక్ష చేసే సారు ఒక చక్రం తిప్పుతూ కరెంటు తగ్గించుకుంటూ పోయాడు. బొమ్మ ముడుచుకోలేదు. ఇంకా తగ్గించాడు. అంచులు వణికాయి, బొమ్మ నిలిచింది. ట్రాన్సిస్టరును బిగించిన అల్యూమినియం రేకు మీద సారు వేలు పెట్టి అట్లే ఉంచాడు, అది కాలడం లేదు. అంచులు వణికినందుకు మార్కులు కోసి, పాసని రాసి సంతకం పెట్టాడు.