ఒక ఉతుకు పడనివ్వండి

సాంబమూర్తి గారు ఈ లోకంలో దేన్నీ పొడిగా ఉండగా మెచ్చుకోరు. చీరైనా, ఆవకాయైనా, పెళ్ళికొడుకైనా, కొత్త ప్రభుత్వమైనా సరే, "ఎలా ఉందండీ?" అని అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఒక ఉతుకు పడనివ్వండి, చెప్తాను."

విజయవాడ వన్ టౌన్‌లో ఆయనది చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక తెల్ల రుమాలు ఉంటుంది. కొత్త చీర కంటపడగానే రుమాలు చివర నీళ్ళలో ముంచి, అంచు మీద రుద్ది, వాకిట్లోకి వెళ్ళి వెలుతురులో చూస్తారు. రుమాలు తెల్లగానే ఉంటే చీరకి సగం మార్కులు. మిగతా సగం ఉతికాక. చీరలతో ఆగితే వృత్తిధర్మం అనుకునేవాళ్ళం. మా గృహప్రవేశానికి వచ్చి హాలు గోడ మీద కూడా ఆ రుమాలు రుద్దారు. రుమాలు నీలంగా మారింది. మా పెయింటరు ఆ రోజు భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు.

ఆయన మేనకోడలు రుచితకి పెళ్ళిచూపులయ్యాయి. అబ్బాయి పేరు కిరీటి. అందరికీ నచ్చాడు. ఈయన మాత్రం మామూలు మాటే అన్నారు. మర్నాడు కుండపోత వాన. వన్ టౌన్ వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. సరిగ్గా అప్పుడు కిరీటికి ఫోన్ చేసి, "గోడౌన్‌లోకి నీళ్ళొస్తున్నాయి బాబూ, మనుషులు దొరకడం లేదు" అన్నారు. ఆ పిల్లవాడు ప్యాంటు మడిచి వచ్చి, సాయంత్రం దాకా మూటలు పైకెత్తి, బురదలో జారిపడి లేచి, "ఇంకేమైనా ఉన్నాయా అంకుల్?" అని అడిగాడట. సాంబమూర్తి గారు అక్కడి నుంచే చెల్లెలికి ఫోన్ చేశారు. "ముహూర్తం పెట్టించమ్మా. రంగు వదల్లేదు."

ఇలాంటి మనిషి ఇంటర్నెట్‌లో మా తెలుగు విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాల నాణ్యత చూసేవారయ్యారు. మాలాంటివాళ్ళం జీతం లేకుండా, తీరిక వేళల్లో రాసే వ్యాసాలవి. బాగా కుదిరినదానికి 'మంచి వ్యాసం' అని గుర్తింపునిచ్చి మొదటి పేజీలో పెడతారు. అంతకుముందు ఒకరు దాన్ని క్షుణ్ణంగా చదివి, తప్పులన్నీ అందరికీ కనిపించేలా చర్చ పేజీలో రాయాలి. అది నియమం. సాంబమూర్తి గారు మాత్రం అక్కడ "నీళ్ళలో పెట్టాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నెల తరవాత వెళ్ళి చూసినా నీళ్ళలోనే ఉంటుంది. ఆయన్ని మేమంతా వాషింగ్ మెషీన్ అని పిలుచుకుంటాం. ఆయన ఉన్నప్పుడు చివర గారు చేరుస్తాం.

హెప్సిబాని ఇందులోకి లాగింది నేనే. నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీ పక్క స్కూల్లో ఆమె మ్యూజిక్ టీచరు. పటమట వైపు ఒక చర్చిలో పిల్లల కోయిర్‌కి పాటలు నేర్పుతుంది. ఆమె మొదటి వ్యాసాన్ని ఎవరో పెద్దమనిషి నలుగురిలో పెట్టి ఏకిపారేశాడు. ఇలాంటివాళ్ళు రాయకపోతే భాషకి మేలని కూడా అన్నాడు. వ్యాసం తీసేశారు. ఆ పిల్ల మళ్ళీ కలం పట్టడానికి నేను ఏడాది బతిమాలాల్సి వచ్చింది.

ఈసారి యాకోపో వెరార్ది అనే ఇటలీ స్వరకర్త జీవితం రాసింది. నాలుగైదు వందల ఏళ్ళ కిందటివాడు. ఆయన నాలుగు గొంతులకి కట్టిన పాటే ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళ పిల్లలు పాడతారు. క్రిస్మస్ వారంలో వ్యాసం మొదటి పేజీలో రావాలని, పిల్లలకి చూపించాలని ఆమె ఆశ.

"ఈసారి కూడా అందరి ముందూ అలా అంటే ఇంక రాయనండి. పాస్‌వర్డ్ కూడా మర్చిపోతాను" అంది.

అంటుండగానే చర్చ పేజీలో ఒక వాక్యం పడింది. నీళ్ళలో పెట్టాను.



వారం తిరక్కుండా హెప్సిబా ఫోన్. "సార్, ఆ బట్టల కొట్టు ఆయన రోజూ ఫోన్ చేస్తున్నారండీ."

"ఏమంటారు?"

"నలుగురు నాలుగు రకాలుగా ఒకేసారి పాడితే అది పాటెలా అవుతుందమ్మా అంటారండీ. వినాయక చవితికి మా వీధిలో నాలుగు మైకులు పెడితే పోలీసులొచ్చారు అంటారు."

"నువ్వేమన్నావు?"

"వెరార్ది ఉన్నప్పుడు మైకుల్లేవండీ అన్నాను. దానికి ఆధారం ఉందా అన్నారు."

నవంబరు అయిపోయింది. ఫోన్లు ఆగలేదు, చర్చ పేజీలో రెండో వాక్యం పడలేదు. క్రిస్మస్ ముంచుకొస్తోంది. మిగతావాళ్ళు తొందరపెట్టడం మొదలుపెట్టారు. ఏకిపారేసిన పెద్దమనిషి కూడా మళ్ళీ వచ్చి, "తప్పులు మరీ ఎక్కువగా ఉన్నాయేమో, నేను చూడనా?" అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. శనివారం సాయంత్రం అటో ఇటో తేల్చుకుందామని సాంబమూర్తి గారింటికి వెళ్ళాను.

ఆయన లేరు. ఆయన భార్య భద్రమ్మ గారు డాబా మీద చీరలు ఆరేస్తున్నారు. ఎవరూ కట్టని సరికొత్త చీరలు తీగ నిండా ఉన్నాయి.

"ఇన్ని కొత్త చీరలు ఉతికారేంటండీ?"

"మా ఆయన పుణ్యం అన్నయ్యగారూ. కొత్తగా నేసేవాళ్ళ దగ్గర్నించి ఏ చీరొచ్చినా ముందు నా చేతిలో తడవాల్సిందే. రంగు వదిలితే ఆ నేసినాయన్ని మెల్లగా పిలిచి, ఇదిగో ఇక్కడ అద్దకం సరిగ్గా పట్టలేదు, మళ్ళీ వేసుకురా అంటారు."

"కొట్లోనే చెప్పొచ్చు కదా?"

"కొట్లో పదిమంది ఉంటారు కదండీ. రంగు వదిలితే మనింట్లో వదలాలి, బజార్లో వదిలితే నేసినవాడి పేరు పోతుంది అంటారు. ఆ పేరు మళ్ళీ రాదంట. నా చేతులు మాత్రం నీలిరంగు, ఎర్రరంగు అయిపోతున్నాయి." ఆవిడ నవ్వుతూ చేతులు చూపించారు. "ఆయన చర్చికెళ్ళారు. ఈ మధ్య శనివారాలు అక్కడే."

తీగ మీద చీరలు చూస్తుంటే ధ్వని గురించి నేను రాసిన వ్యాసం గుర్తొచ్చింది. అది రాసిన వేసవి అంతా ఆయన నాకు ఫోన్లు చేసి ప్రాణం తీశారు. చర్చ పేజీలో మాత్రం ఒక్క తప్పూ పడలేదు. అది నా గొప్పే అని ఇన్నాళ్ళూ కాలరెగరేశాను.

చర్చికి వెళ్ళేసరికి పిల్లలు నాలుగు గుంపులుగా నిలబడి పాడుతున్నారు. సాంబమూర్తి గారు ఒక గుంపు పక్కన స్టూలేసుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. పాట కాగానే స్టూలు ఎత్తుకుని రెండో గుంపు దగ్గరికి వెళ్ళి, "మళ్ళీ మొదట్నించి అమ్మా" అన్నారు. పిల్లలు హాయిగా మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళకి అలవాటైపోయినట్టుంది.

నన్ను చూసి ఇవతలికి వచ్చారు. "అల్లరి అనుకున్నాను మాస్టారూ. ఒక్కొక్క పోగూ విడిగా పట్టుకుని చూస్తే ఎక్కడా తెగలేదు. అమ్మాయి రాసింది నిజమే."

"మరి పాస్ చేయరేమండీ?"

"ఒక్క మరకుంది." ఆయన గొంతు తగ్గించారు. "వెరార్ది వేరే పాటొకటి ఎవరో రాజుగారి పెళ్ళికి కట్టాడని రాసింది. ఆ పెళ్ళి జరిగిన ఏడాది చూస్తే వెరార్దికి అప్పటికింకా పాలపళ్ళు ఊడలేదు."

హెప్సిబా లాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చింది. "మీరడిగింది దొరికిందండీ. వెరార్ది వాళ్ళ పెదనాన్న పేరు కూడా యాకోపోయే. ఆ పెళ్ళి పాట పెదనాన్నది. ఇద్దర్నీ కలిపేశాను." ఆమె మొహం పాలిపోయింది. "ఇది ఆ పెద్దమనిషి కంట పడుంటే..."

"పడలేదుగా. దిద్దెయ్యమ్మా" అన్నారు సాంబమూర్తి గారు.

ఆమె అక్కడే, బెంచీ మీద కూర్చుని దిద్దింది. పెదనాన్న పాట పెదనాన్నకి ఇచ్చేసి, అబ్బాయికి అబ్బాయి పాటలు ఉంచింది.

"ఇవన్నీ నియమం ప్రకారం చర్చ పేజీలో రాయాలి కదండీ?" అన్నాను, ఆయన ఏమంటారో విందామని.

"లేని మరకని ఎలా చూపించను మాస్టారూ?"

ఆ రాత్రే చర్చ పేజీలో రెండో వాక్యం పడింది. "ఉతికాను. రంగు వదల్లేదు." ఏకిపారేసిన పెద్దమనిషి వ్యాసాన్ని పై నుంచి కింది దాకా గాలించి, చివరికి ఒక కామా జరిపి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ ముందురోజు పాటకి మేమంతా వెళ్ళాం. మొదటి పేజీని పిల్లలకి ఫోన్లో చూపిస్తూ హెప్సిబా అటూ ఇటూ తిరుగుతోంది. తరవాత ఎవరి గురించి రాయాలో కూడా తేల్చేసుకుందట. ఆ ఆనందం చూసి ఆగలేక సాంబమూర్తి గారి చెయ్యి పట్టుకున్నాను.

"మీలాంటి మంచి మనిషిని నేను చూడలేదండీ."

ఆయన కంగారుపడి చెయ్యి లాక్కున్నారు. "అప్పుడే తేల్చేయకండి మాస్టారూ. ఒక ఉతుకు..."

"ఆ పని నేను పెళ్ళైన దగ్గర్నించీ చేస్తూనే ఉన్నాను అన్నయ్యగారూ" అన్నారు పక్క నుంచి భద్రమ్మ గారు, కేకు ముక్క ఆయన చేతిలో పెడుతూ. "రంగు వదల్లేదు."