వెనక గేరు పడింది

ఈ రోజు కోరాపుట్‌లో తెలుగు వక్తృత్వ పోటీ. ఎన్నాళ్లుగానో సాధన చేశాను. తీరా బస్సు తప్పిపోయింది. నా ఏడుపు ముఖం చూసి బాబాయి తన పాత స్పోర్ట్స్ కారులో బయలుదేరదీశాడు. సునాబెడ దాటి ఎత్తు ఎక్కుతుండగా కారు గరగరమని ఆగిపోయింది.

బాబాయి గేరు కర్రతో కుస్తీ పట్టి, "గేరు పడతల్లేదమ్మీ!" అన్నాడు.

"పడలేదు కదా బాబాయ్, ఇంకేటి బెంగ?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూసి మళ్లీ కర్ర లాగాడు. "ఆఁ! ఎనక గేరు పడింది!"

కంగారుగా దిగి, కారు వెనక రోడ్డంతా వెతికాను.

"ఏటే ఎతుకుతున్నావు?"

"పడిపోయిన గేరు."

"ఓసి నీ తెలివి తగలెయ్యా! పడ్డమంటే లోపల తగులుకోడమే. మిగతావి పడక సచ్చేయి. ఇది ఎనక్కే ఎల్తాది, ఎక్కు."

అలా వెనక్కి నడుపుకుంటూనే ఇల్లు చేరాం. పోటీ పోయింది. పడితే మంచిదో, పడకపోతే మంచిదో నాకింకా తేలలేదు.

నా ప్రసంగంలో మొదటి వాక్యం: "తెలుగంత తేటగా అర్థమయ్యే భాష మరొకటి లేదు." ఉంచమంటారా, కొట్టేయమంటారా?