లారీ నోరు మూయించిన బాలకిషన్

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో బాలకిషన్ రహస్యం చెబితే, అది అశోక్ నగర్‌లో నా కిరాయి గది దాకా వచ్చేది. మనిషి కోపిష్టి కాడు. "చాయ్ తాగుతరా సారూ" అని మర్యాదగా అడిగినా ఏటి అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలిచినట్టుండేది. ఎదుటివాడు ముందు ఉలిక్కిపడి, తర్వాత చాయ్ తాగేవాడు. తొంభైల మొదట్లో ఆయనకు ఆ సందులో సప్లయింగ్ కంపెనీ ఉండేది. పేరు చూసి ఏదో కార్ఖానా అనుకోవద్దు. పెళ్ళిళ్ళకూ దినాలకూ షామియానాలు, కుర్చీలు, జంపఖానాలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే దుకాణాన్ని హైదరాబాదులో అలాగే అంటారు.

ఆ గొంతుకు కారణం ఆయన లారీ. మిలిటరీ వాళ్ళు వాడీ వాడీ చివరికి వేలంలో అమ్మేసిన లారీ. పొడుగు మూతి, గుడ్లురిమినట్టుండే దీపాలు, పైన ఎన్ని రంగులు పూసినా అడుగు నుంచి మళ్ళీ తేలివచ్చే ఆకుపచ్చ. కొనమన్నది బావమరిది లక్ష్మయ్య. ఆయనకు బర్కత్‌పురలో కిరాణా దుకాణం. ఉప్పూ పప్పూ పైసలకు అమ్మి, సలహాలు మాత్రం ఊరికే ఇచ్చేవాడు. "మిలిటరీ మాల్ బావా, నీ మనుమడు గూడ నడుపుతడు" అన్నాడట వేలం రోజున. ఆ మాటలో అబద్ధం లేదు. బండికి చావు లేదు. ఎక్కినవాళ్ళ చెవులకే ఆ భరోసా ఎవరూ ఇవ్వలేదు.

లారీ బయట చేసే చప్పుడు అంతంత మాత్రం. అసలు కచేరీ అంతా లోపల, క్యాబిన్‌లో. పెడళ్ళు వచ్చే రంధ్రాల్లోంచి ఇంజన్ గర్జన నేరుగా మోకాళ్ళ మీదికి వచ్చేది. పాదాల కింద గేరు పెట్టె ఏడ్చేది. అడుగు రేకు తాషా వాయించేది. తలుపులు రెండూ, మొగుడూ పెళ్ళాల్లా, ఒకటి ఆగితే రెండోది అందుకునేది. ముందున్న మీటర్ల ముళ్ళన్నీ ఎప్పుడో పెన్షన్ తీసుకున్నాయి. దాన్ని చేసినవాళ్ళను తప్పు పట్టడానికి లేదు. యుద్ధానికి పోయే బండిలో పక్క సీటువాడితో పెసరట్టు గురించి ముచ్చట పెట్టుకోవాల్సిన అవసరం రాదని వాళ్ళు అనుకుని ఉంటారు. ఆ బండి ఒకనాడు పెళ్ళిళ్ళకు కుర్చీలు మోస్తుందనీ, పక్క సీట్లో భార్య కూర్చుంటుందనీ వాళ్ళకేం తెలుసు?

భార్య పేరు నర్సింహమ్మ. ఆమె రాకుండా లారీ కదిలేది కాదు. కుర్చీలు దింపించడం ఆయన పని, గిన్నెలు లెక్క చూసి తిరిగి తెచ్చుకోవడం ఆమె పని. పెళ్ళివాళ్ళతో పోట్లాడకుండా గరిటెలు తిరిగి తెచ్చుకోవడం ఒక విద్య. మగపెళ్ళివారి సంచిలో ఉన్న మన గరిటెను వాళ్ళ చేతనే "అయ్యో, ఇదెట్ల వచ్చింది" అనిపించి తీయించాలి. ఆ విద్య ఆమెకు వచ్చు, బాలకిషన్‌కు రాదు. ఆయన నోరు తెరిస్తే చాలు, పెళ్ళివాళ్ళు పోట్లాటకు వచ్చాడనుకునేవారు.

ఒకసారి సిరిసిల్లలో మరమగ్గాల షెడ్ల పక్కన కొన్నాళ్ళున్నాను. అక్కడి కార్మికులు మగ్గాల హోరులో పెదవులతో, వేళ్ళతో మాట్లాడుకుంటారు. ఈ దంపతులూ అంతే. ఎవరూ నేర్పకుండానే ఒక భాష కట్టుకున్నారు. ఆమె ముక్కు పట్టుకుంటే వంటవాళ్ళు తాగి ఉన్నారని. నెత్తి మీద చెయ్యి బోర్లిస్తే మూతలు మర్చిపోయామని. డాష్‌బోర్డు మీద ఒక్కటి చరిస్తే ఆపమని, రెండు చరిస్తే ఆపితే ఊరుకోననీ. ఈ సైగలు ఇంట్లోకి కూడా వచ్చేశాయి. దుకాణం మేడ మీద కొత్తగా కిరాయికి దిగిన దమయంతి గారు కింది అరుపులు ఎవరో పనివాడివనుకుని, ఈ ఇద్దరినీ నెల దాకా మూగవాళ్ళనుకుని, పండ్లు పెట్టి పంపేవారు. ఒకనాడు బాలకిషన్ "సల్లగుండు తల్లీ" అన్నాడు. ఆవిడ చేతిలో పళ్ళెం జారిపోయింది.

ఇట్లా సాగుతుండగా నర్సింహమ్మ చెవుల్లో కీచురాళ్ళు చేరాయి. పడుకున్నా అరుస్తాయి, పూజకు కూర్చున్నా అరుస్తాయి. నారాయణగూడలో చెవుల డాక్టరు చూసి, ఏం పని చేస్తావమ్మా అని అడిగి, లారీ సంగతి విని, ఇంకా అందులో తిరిగితే ఉన్న వినికిడి కూడా పోతుందని చెప్పాడు. ఆమె ఇంటికి వచ్చి చేతి సైగలేమీ చేయలేదు. నోటితోనే చెప్పింది.

"ఇగ నేను నీ లారీ ఎక్క. నీకు లారీ కావాల్నో నేను కావాల్నో నువ్వే చూస్కో."

లారీ అమ్మితే కంపెనీ లేదు. అమ్మకపోతే పక్కన ఆమె లేదు. ఆమె లేకుండా గాంధీనగర్‌లో ఒక పెళ్ళికి పోయి ఆయన మన మూతలు వాళ్ళకు వదిలి, వాళ్ళ పీటలు మనకు తెచ్చాడు. ఇంకో చోట అన్నప్రాశనకు దినాల షామియానా వేశాడు. వాళ్ళు చూసేలోపు తీసేశాడు గానీ, ముసలమ్మ ఒకామె చూసేసింది. వ్యాపారం అట్లా ఉంచితే, దారిలో ఆయన ఖాళీ సీటు వైపు తిరిగి చేతులు ఊపుతున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

అప్పుడు నన్ను వెతుక్కుంటూ లైబ్రరీకి వచ్చాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ అక్కడే కూర్చుంటాను గనుక అన్నిటికీ పుస్తకం నా దగ్గర ఉంటుందని ఆయన నమ్మకం. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలంతా తలలెత్తేలా, "సారూ, సప్పుడు సంపెటందుకు బుక్కుంటదా?" అని అడిగాడు. ఉంటుంది. లోకంలో లేని పుస్తకం లేదు. ఓడల ఇంజన్ గదుల గురించి ఒక పాత పుస్తకం దొరికింది. దాన్ని చదివి ఆయనకు చెప్పింది క్లుప్తంగా ఇంతే: ముందు సందులు మూయాలి, నీళ్ళు దూరే చోటల్లా చప్పుడు దూరుతుంది. తర్వాత రేకు మీద బరువైనది పరచాలి, రేకు వణకకుండా. ఆ పైన మెత్తనిది వేయాలి, మిగిలిన హోరును తాగేయడానికి.

"అంటే దానికి పరుపు లెక్క గాదీ వెయ్యాలె" అన్నాడు బాలకిషన్.

వేశాడు. ఆయన దేన్నయినా సగం చేసే మనిషి కాడు. లోపల పెట్రోమాక్స్ వెలిగించి, బయట నుంచి వెలుతురు కనిపించిన ప్రతి సందుకూ కిటికీ అద్దాలకు పెట్టే లప్పం నూరి కుక్కాడు. పిండి గిర్నీలో మూలపడ్డ రబ్బరు పట్టాలు తెచ్చి అడుగంతా రెండు వరసలు పరిచాడు. దాని మీద కోఠి నుంచి కొబ్బరి పీచు పట్టలు, వాటి మీద చిరిగిన జంపఖానాలు. తలుపులకు లోపల పరుపు దూది కుట్టించాడు. పైకప్పుకు దూది పరిచి, అది కనబడకుండా పెళ్ళి పందిరి గుడ్డ బిగించాడు, ఎర్ర అంచూ పసుపు పచ్చ పూలూ. లోపల కూర్చుంటే ఎవరి పెళ్ళికో వచ్చి పీటల మీద కూర్చున్నట్టే ఉండేది. నర్సింహమ్మ ఎక్కి చూసింది. ఇంజన్ ఆడించమంది. విన్నది. కీచురాళ్ళు తప్ప ఇంకేమీ వినపడటం లేదంది. బర్కత్‌పురలో ఒక పెళ్ళి ఉంది, దానికి వచ్చి చూస్తాననీ, చెవులు మళ్ళీ మోగితే అదే ఆఖరిసారి అనీ షరతు పెట్టింది.

పుస్తకం చదివిన పాపానికి నన్నూ ఎక్కించారు. నేను తలుపు పక్క, ఆమె నడుమ, ఆయన స్టీరింగ్ దగ్గర. వెనక కుర్చీలూ గిన్నెలూ. పొద్దున్నే బయలుదేరాం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద లారీ జంపఖానా మీద నడిచినట్టు పోయింది. బాలకిషన్ అలవాటుగా "ఎట్లుందీ" అని గట్టిగా అడిగితే మా ఇద్దరి ప్రాణాలూ పైకి పోయి వచ్చాయి. ఆమె చెవి మూసుకుని, నవ్వి, "మంచిగుంది. మెల్లగ మాట్లాడు, పక్కనే ఉన్న" అంది. అన్నేళ్ళలో ఆ సీట్లో ఆమె నోటి మాట ఆయనకు చేరడం అదే మొదలు. బాలకిషన్ ముఖం చూడాలి అప్పుడు. కొత్త పెళ్ళికొడుకులకు కూడా అంత సిగ్గు రాదు.

నారాయణగూడ వైపు చిన్న ఎత్తు వచ్చింది. లారీ కొంచెం మొరాయించింది. బాలకిషన్ రోడ్డు మీదే చూపు నిలిపి, పెదవులు కదిలీ కదలకుండా, వల్లించి వల్లించి అరిగిన పద్యంలా అనుకున్నాడు:

"లక్ష్మయ్యా, నీ నోట్ల మన్నువడ. గీ బండి నాకు అంటగట్టి నువ్వు దుకాన్ల పంఖా కింద కూసున్నవు గద లక్ష్మయ్యా."

ఇంజన్ హోరు దుప్పటిలా కప్పినన్నాళ్ళూ ఎవరికీ వినపడని మాట అది. ఆయనకు క్యాబిన్ నోరు మూయించడం గుర్తుంది గానీ, తన నోరు మూసుకోవడం గుర్తు లేదు. నేను కిటికీలోంచి సినిమా పోస్టర్లు చూడసాగాను.

"ఇన్నేండ్ల సంది నువ్వు అనుకుంట వచ్చేది గిదా?" అంది నర్సింహమ్మ. లక్ష్మయ్య ఆమెకు ఒక్కడే తమ్ముడు.

"రోజూ అనను" అన్నాడాయన. "ఎత్తు ఎక్కెటప్పుడే."

"మనూల్ల ఎత్తులు తక్కువున్నయా?"

ఆయన కొంచెం దూరం పోయాక, "నీ పెదవులు గూడ కదులుతుండె గద. నువ్వేమంటుంటివి?" అని అడిగాడు.

"నేను దేవుని పేరు తీస్కుంటుంటి."

"ఏ దేవుడు?"

ఆమె కూడా సినిమా పోస్టర్లు చూడడం మొదలుపెట్టింది.

ఈ రభసలో నారాయణగూడ చౌరస్తా వచ్చింది. పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. బండి నెమ్మదించింది. కింది గేరు వేయాలి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్త బండ్లలో గేరు దానంతట అదే ఒదుగుతుంది. ఈ లారీలో క్లచ్చు తొక్కి, వదిలి, ఇంజన్ గొంతు పెంచి, మళ్ళీ తొక్కి, కింద తిరిగే పళ్ళ చక్రాల కూతా ఇంజన్ కూతా ఒక్క శ్రుతిలో కలిసిన క్షణాన గేరు వేయాలి. మీటర్ల ముళ్ళు పెన్షన్ తీసుకున్న నాటి నుంచి ఆయన బండిని చెవులతోనే నడిపాడు. ఆ చెవుల్లో ఇప్పుడు మేం దూది కుక్కాం; పొద్దున ఖాళీ రోడ్డు మీద గేర్లు పడింది అదృష్టమే. గేరు కిర్రుమంది. మళ్ళీ వేశాడు. ఈసారి తోక తొక్కిన పిల్లిలా అరిచింది. బండి చౌరస్తా నట్టనడుమ ఆగి చచ్చింది.

వెనక బస్సులు, స్కూటర్లు, ఆటోలు. అన్నిటి హారన్లూ మాకు దూరంగా, పక్క వీధి బ్యాండు మేళంలా వినపడ్డాయి. పుస్తకం అంత బాగా పనిచేసింది. పోలీసు వచ్చి పెదవులు కదిలించాడు. ఆయన తిట్లు మాకు చేరలేదు. కానీ బాలకిషన్ స్టార్ట్ చేస్తే ఇంజన్ తిరుగుతోంది, బండి కదిలితే పై గేరు పడటం లేదు. అటు బర్కత్‌పురలో ముహూర్తానికి కుర్చీలు లేవు.

"ఇనవస్తలేదు" అన్నాడు, ఆ మనిషి నోటి నుంచి నేనెన్నడూ వినని చిన్న గొంతుతో. "దీని సప్పుడు ఇనవస్తలేదు నర్సమ్మా."

అని వంగి అడుగున పరిచిన పట్టా అంచు పట్టుకున్నాడు, మొత్తం పీకేయడానికి. అది పోతే ఏం పోతుందో మా ముగ్గురికీ తెలుసు. పట్టా పట్టుకున్న ఆయన చెయ్యి పైకీ రాదు, కిందికీ పోదు. చౌరస్తా అంతా హారన్లతో ఎదురుచూస్తోంది.

నర్సింహమ్మ ఆయన చెయ్యి తీసి స్టీరింగ్ మీద పెట్టింది. చెప్పు విడిచి, గేరు కర్ర పక్కన పట్టా మూలను కాలి బొటనవేలితో కొంచెం పైకెత్తింది. ఆ కంతలోంచి పాత ఏడుపు సన్నగా పైకి వచ్చింది.

"ఇనవడ్తుందా?"

"ఆఁ."

"అయితె వెయ్యి."

గేరు వెన్నలో కత్తిలా దిగింది. ఆమె కాలు దించింది. మళ్ళీ నిశ్శబ్దం. పోలీసు పక్కకు తప్పుకున్నాడు. అటు తర్వాత బర్కత్‌పుర దాకా గేరు గేరుకూ ఆమె బొటనవేలు లేచింది, దిగింది. లక్ష్మయ్య పేరు మళ్ళీ రాలేదు. పెళ్ళివారింటి ముందు దిగి ఆమె రెండు చెవులూ రుద్దుకుని, కాసేపు తల వంచి విని, "సరె" అంది. అంతే. బాలకిషన్ కుర్చీలు దింపించడానికి పోతూ పోతూ మేళం వాళ్ళ ముందు తాళానికి ఒక అడుగు వేశాడు. నాట్యం అనబోయాను గానీ, అది నాట్యం కాదని ఆయనే చెప్పాడు.

తర్వాత ఆ మూలకు మూడు వైపులా కోత పెట్టి, తాడు కట్టి, వాకిలి చేశాడు. తాడు నర్సింహమ్మ చేతికి అందేచోట ఉంటుంది. డ్రైవరు చేతికి అందేలా కట్టుకోవచ్చు గదా అని అడిగాను. ఆయన నా వైపు చాలా జాలిగా చూశాడు. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం అన్నట్టు.

నేను మళ్ళీ ఊళ్ళు తిరిగి వచ్చేసరికి ఎండాకాలం. కీచురాళ్ళు తగ్గాయట, పూర్తిగా పోలేదట. నర్సింహమ్మ పాలమూరు దగ్గర వాళ్ళ పెద్దమ్మ ఇంటికి పోయింది. పెళ్ళిళ్ళ రోజులు, లారీ ఆగితే కుదరదు. పోతూ పోతూ తాడు పట్టడానికి ఆమె ఒక మనిషిని పెట్టి పోయింది. చిక్కడపల్లి మూలమీద లారీ నా పక్కన ఆగితే లోపలికి చూశాను. పందిరి గుడ్డ కింద, నడి సీట్లో, ఒళ్ళో టిఫిన్ డబ్బా, చేతిలో తాడు పట్టుకుని లక్ష్మయ్య కూర్చుని ఉన్నాడు. ఆ మెత్తటి నిశ్శబ్దంలో లారీ ఎట్లా నడపాలో బావకు వివరంగా చెబుతున్నాడు.

బాలకిషన్ నా వైపు తిరిగాడు. పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ముందున్నదంతా ఎత్తే. ఒక చెయ్యి స్టీరింగ్ మీంచి తీసి, నెత్తి మీద బోర్లించి, లక్ష్మయ్య వైపు కళ్ళు తిప్పాడు: మూత మర్చిపోయాం.