ఆఖరి వరుస గీత

ఉస్తాద్ పోయిన సంగతి నాకు భూపాలపల్లిలో తెలిసింది. ఒక ఇంట్లో బండలు పరుస్తున్నాను. పొద్దున్నే ఆయన పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అబ్బా పోయిండు. సాయంత్రం అసర్ నమాజైనంక మసీదుల జనాజా." సరే అన్నాను. తట్టలో కలిపిన సిమెంటు ఉంది. దాన్ని గట్టిపడనిస్తే ఆయన తిట్టేవాడు. అందుకని ఇంకో నాలుగు బండలు పరిచి, పనిముట్లు కడిగి, మరిపెడ దారి పట్టాను. బస్సులో ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

మా తండాలో బండపని తెలిసినవాళ్లు లేరు. నాకు నేర్పింది ఆయనే. పరిచిన ప్రతి బండనూ తాపీ పిడితో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. డొల్ల పలికితే తీసి మళ్లీ వేయించేవాడు. మా అమ్మ పంపిన జొన్నరొట్టె చూసి, "గింత గుండ్రంగ రాయి ఎన్నడు గోస్తవ్ రా బేటా?" అని ఆటపట్టించేవాడు. రొట్టె మాత్రం సగం ఆయనే తినేవాడు.

మరిపెడలో కొత్తగా కట్టిన పెద్ద మసీదు నేల పని మాకు వచ్చింది. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళితే గుమ్మటం, రెండు మినార్లు, ఆకుపచ్చ అద్దాలు, ఇమాం నిలబడే కమాను చుట్టూ తెల్లరాతి తీగలు, అన్నీ చూడండి. నేనూ అలాగే తల పైకెత్తి చూస్తుంటే ఉస్తాద్ అన్నాడు: "మీద అందరు సూస్తరు. కింద సూసెటోడే మేస్త్రి."

కింద మా పని ఉంది. మసీదు ముందరి ఆవరణ నిండా తెల్లరాయి, నమాజు వరుసలు తిన్నగా నిలబడడానికి అందులో నల్లరాతి గీతలు. ఆవరణ గోడ రోడ్డు వెంట పోయింది. నమాజులో ముఖం పెట్టే దిక్కు, కిబ్లా, అక్కడ పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. "గోడ రోడ్డుకు సుట్టం. గీత కిబ్లాకు సుట్టం. రెండిట్ని కలపకు" అని మొదటి రోజే చెప్పాడు.

నేను కలిపాను. ఆఖరి గీతకు దారం కట్టేటప్పుడు, తొందరలో, గోడ కొలతకని కొట్టిన మేకుకు కట్టి, ఆ దారం వెంటే నల్లరాయి పరిచాను. తెల్లారి చూస్తే గీత ఒక చివర జానెడు వెనక్కి పోయి, అట్లాగే బిగుసుకుంది. ఉస్తాద్ వచ్చి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. తీసేస్తానన్నాను.

"తీస్తె పలుగుతది. గా రాయి మల్ల దొరకది. ఉండనియ్. ఆ వరుసల నేను నిలబడ్త. కాళ్లు నేను సక్కగ వెట్టుకుంట, నన్ను సూసి పక్కోళ్లు వెట్టుకుంటరు."

మాట నిలబెట్టుకున్నాడు. ముందు వరుసల్లో చోటున్నా శుక్రవారాలు ఆ గీత దగ్గరే నిలబడేవాడు. కలిసినప్పుడల్లా, వానలు పోయాక వచ్చి మారుస్తాను ఉస్తాద్ అనేవాణ్ని. "వస్తవ్ తియ్" అని నవ్వేవాడు. ఆరు వానాకాలాలు పోయాయి. నేను వెళ్లలేదు. ఆ తప్పు మా ఇద్దరికే తెలుసనుకున్నాను, అందుకే బద్ధకించాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సాయంత్రం ఆవరణలో, జనాజా నమాజుకు ఆయన్ని వరుసల ముందు పెట్టారు. నేను గేటు దగ్గర, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వరుసలు నిండాయి. ఆఖరి వరుస సరిగ్గా నా ముందే. సరిచేసే మనిషి లేడు కాబట్టి, ఈరోజు ఆ వరుస నా గీత వెంట వంకరగా నిలబడుతుందని అనుకున్నాను.

ఒక కుర్రవాడు గీత మీద కాళ్లు పెట్టబోయాడు. పక్కనున్న ముసలాయన అతని చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు: "గీత సూడకు. నా కాలు పక్కన వెట్టు."

వరుస మొత్తం అట్లాగే నిలబడింది. ఈ చివర మడమలు గీతను తాకుతున్నాయి. ఆ చివరకు పోయేకొద్దీ దూరం జరిగాయి. అందరికీ తెలుసు. ఎవరూ నాతో అనలేదు.

ఆ చివర, వాళ్ల మడమలకూ నా నల్లరాయికీ మధ్య, జానెడు తెల్లరాయి ఖాళీగా కనబడుతోంది.